కోటు కప్పినవాడు

“అది జింకపిల్ల కాదు,” అంది వెర్లీన్.

మొహం తుడుచుకుంటున్న వారెన్ తువ్వాలు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. చర్చి వెనక, పాటలు పాడేవాళ్ళ అంగీలు తగిలించే చిన్న గది అది. గోడకవతల ఇంకా చప్పట్లు ఆగలేదు. ప్రభువు తనను ఎలా మార్చాడో అతను ఇప్పుడే అందరి ముందు సాక్ష్యం చెప్పి వచ్చాడు. పాతికేళ్ళ కిందట తప్పతాగి ట్రక్కు నడుపుతూ మిల్లు మలుపులో జింకపిల్లను గుద్దానని, కోటు విప్పి దానిమీద కప్పి, మంచులో మోకరించి ప్రభువును పిలిచానని, ఆనాటి నుంచి చుక్క ముట్టలేదని చెబుతుంటే కెంటకీ కొండల్లోని ఆ జనమంతా వెక్కివెక్కి ఏడ్చారు. మంగళవారం పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక. వారెన్ మీద పోటీకి నిలబడ్డ పశువుల వ్యాపారి నెల రోజులుగా ‘బోస్టన్ దొరబాబు’ అంటూ ఊరూరా అతన్ని ఆడిపోసుకుంటున్నాడు. ఈ పూటతో ఆ పేరు కొట్టుకుపోయిందని వారెన్ సంబరపడేలోపే ఈమె వచ్చింది.

ఆమెను వెంటబెట్టుకొచ్చిన పాస్టర్ ఆర్విల్ తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

“ఏం కాదంటున్నారమ్మా?” అన్నాడు వారెన్.

“జింకపిల్ల కాదంటున్నా. నా కొడుకు డెన్నీ. తొమ్మిదేళ్ళు వాడికి. ఆ మలుపులోనే, ఆ మంచులోనే పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది ఈ పాస్టర్ గారే, అడుగు.”

వారెన్ తువ్వాలు పక్కన పెట్టాడు. “మీ బాధ నాకు తెలుస్తోందమ్మా. కానీ ఏ ఊళ్ళో చూసినా ఒక మిల్లు, ఒక మలుపు ఉంటాయి కదా.”

“కోటు చేతులు రెండూ మడిచి తల కింద దిండులా పెట్టానన్నావు. అన్నావా లేదా?”

“అన్నాను.”

“వాడికీ అలాగే పెట్టి ఉంది. అది నేను చూశా, అప్పటి షెరీఫ్ చూశాడు. ఈ సంగతి ఎవరితోనూ అనకమ్మా, గుద్దినవాడి నోటినుంచే రావాలి అన్నాడాయన. ఆయనా పోయాడు. నేను ప్రార్థనలో కూడా పైకి అనలేదు.”

ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాడు వారెన్. ఆ పొడి కళ్ళను చూస్తేనే అతనికి భయమేసింది.

“ఇన్నేళ్ళూ ఎట్లా బతికానో చెప్పనా? చర్చికొచ్చే ప్రతి మగాడి ఒంటిమీద కోటు చూశా. ఎవడన్నా కొత్తది కొంటే పాతదేమైందా అనుకున్నా. నా సొంత తమ్ముణ్ణి కూడా అలాగే చూశా. ఇంటి ముందు ఏ బండి నెమ్మదించినా మంచం మీద లేచి కూర్చుంటా. నాతో వేగలేక మా ఆయన కూడా వెళ్ళిపోయాడు.”

సాయం కోసం వారెన్ పాస్టర్ వైపు చూశాడు. పాస్టర్ నేలచూపులు చూస్తున్నాడు.

“అనాలనుకున్నది అనెయ్ వెర్లీన్,” అన్నాడు నెమ్మదిగా. “మనసులో కాదు. పైకి అను.”

ఆమె వారెన్ చేతులు రెండూ పట్టుకుంది. “పోలీసులకి చెప్పనులే బాబూ. మంగళవారం ఓటు కూడా నీకే వేస్తా. కోటు కప్పినవాడు మరీ దుర్మార్గుడు కాడేమోనని నాకెప్పుడూ అనిపించేది. భయపడ్డావు, పారిపోయావు. నిన్ను క్షమించాను. ప్రభువు ముందు, నా డెన్నీ ముందు చెబుతున్నా, క్షమించాను.”

అనేసరికి ఆమె భుజాల మీది బరువేదో దిగిపోయినట్టయింది. పాస్టర్ చేతుల్లో మొహం దాచుకున్నాడు.

బయట ప్రచారం వ్యాను హారన్ కొట్టింది. ఇంకో చర్చి ఎదురుచూస్తోంది. వారెన్ ఊరుకుంటే చాలు. ఈమె ఇంటికెళ్ళి ఇవాళైనా కంటినిండా నిద్రపోతుంది, అతను గెలుస్తాడు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. నిజం చెప్పాలంటే ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ ఆ గరుకు చేతులు ఇంకా వదలకుండా పట్టుకునే ఉన్నాయి. పరాయి సొమ్ము జేబులో వేసుకుంటున్నట్టు అతనికి అనిపించింది.

“నేను కాదమ్మా.”

“ఊరుకో వారెన్,” అన్నాడు పాస్టర్.

“ఊరుకోలేను పాస్టర్ గారూ. అమ్మా, భోజనంతో పాటు కాస్త వైను తప్ప నేను జన్మలో ఏదీ తాగలేదు. ట్రక్కు నడపడం పోయిన వేసవిలోనే నేర్చుకున్నా. మీ అబ్బాయి పోయిన ఏడు నేను బోస్టన్‌లో లా చదువుతున్నా. ఆ సాక్ష్యం నాది కాదు.”

“ఇక్కడివాళ్ళు పాపిని క్షమిస్తారు గానీ పెద్దచదువు చదివినవాణ్ణి క్షమించరయ్యా,” అన్నాడు పాస్టర్. “చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా.”

వెర్లీన్ చేతులు వెనక్కి లాక్కుంది. “ప్రభువు ఇంట్లో నిలబడి నాటకమాడావా?”

“ఆడానమ్మా.”

“మరి కోటు సంగతి? చేతులు మడిచి తల కింద పెట్టిన సంగతి నీకెట్లా తెలిసింది?”

“నాకేం తెలీదు. రాసిచ్చింది బట్టీపట్టా. ఆ కోటు దగ్గర తడబడినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచీ చెప్పించేవారు.”

“ఎవరు?”

వారెన్ నోరు తెరిచేలోపే తలుపు దగ్గర దబ్బుమని చప్పుడైంది. పాస్టర్ ఆర్విల్ మోకాళ్ళ మీద పడి ఉన్నాడు.

“క్షమించానని అనేశావు వెర్లీన్,” అన్నాడు. “ఇక ఆ మాట వెనక్కి తీసుకోకు.”