మా మనిషి కాదు

"ఏమే, మన పక్కన కూర్చున్నదెవరే?"

పెద్దకూతురు వంగి చూసింది. "ఎవరో అమ్మా. నువ్వు కాస్త కుదురుగా కూర్చో."

హాల్లో ముందు వరస కుటుంబాలది. పరాయి దేశంలోని మన ఎంబసీ మీద దాడి జరిగి ఏడాది. చనిపోయిన నలుగురి పేర్లు చెక్కిన రాతిపలక మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

అందులో ఒక పేరు ఆ తల్లి కొడుకుది.

ఏడాదిగా కనపడిన ప్రతి ఆఫీసరునూ ఆమె ఒక్కటే అడిగింది. "చివర్లో మావాడి దగ్గర ఎవరైనా ఉన్నారా బాబూ?"

"క్షణంలో అయిపోయిందమ్మా" అనేవారు అందరూ, పాఠం అప్పజెప్పినట్టు.

ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి కూతురితో అనేది, "వాడికి గదిలో ఒక్కడూ పడుకోవడమంటే భయమే."

"ముప్పైఐదేళ్లవాడికా అమ్మా?"

"అయితే మాత్రం?"

పక్కనున్న ఆవిడ ఏదో భాషలో మెల్లగా మాట్లాడింది. పాత కోటు, ఒళ్లో గుడ్డసంచి. మాట్లాడుతూనే సంచిలో చెయ్యి పెట్టింది.

తల్లి చూపు ఆ సంచి మీద పడింది. ఆ రోజూ ఎవడో సంచితోనే లోపలికి వచ్చాడట!

గబుక్కున లేచి గార్డును పిలిచింది. "బాబూ, ఈవిడ మా మనిషి కాదు. ఆ సంచి సంగతి చూడు."

గార్డు బయటికి దారి చూపించాడు. ఆవిడ లేచి, తల్లి వంకే చూస్తూ నిలబడింది. తల్లి మొహం తిప్పుకుంది.

"పాపం, ఏదో చెప్పబోయిందమ్మా."

"నీకేం తెలుసే. నా భయం నాది."

గుడ్డ తీశారు. పేర్లు చదివారు. కొడుకు పేరు దగ్గర ఆమెకు అక్షరాలు అలుక్కుపోయాయి.

అంతా అయ్యాక ఒక కుర్ర ఆఫీసరు కుంటుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీ అబ్బాయితో అక్కడ పనిచేశాను. మీ పక్కన ఒకావిడను కూర్చోబెట్టాను, ఏరీ?"

"ఆవిడా? సంచి చూసి భయమేసి నేనే పంపించేశాను బాబూ."

అతను గడియారం చూసుకున్నాడు. "ఈ పూట కోసమే వచ్చింది. ఈపాటికి విమానం ఎక్కేసి ఉంటుంది."

"ఇంతకీ ఎవరు బాబూ?"

అతను ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు.

"మీకెవరూ నిజం చెప్పలేదమ్మా. మేమంతా పారిపోయాం. ఆ పొగలో, మీవాడి చివరి అరగంటా పక్కనే కూర్చుని, తన భాషలోనే ఏవో కబుర్లు చెబుతూ ఉండిపోయిన మా ఆఫీసు పనిమనిషి ఆవిడే."