మూడు రంగుల గుత్తి

"అన్నా, ఫోను తియ్యకు."

తెల్ల ఎలక్ట్రిక్ కారు దిగి చార్జింగ్ మిషను వైపు రాబోయిన మనిషి ఆగిపోయాడు. ఎదురుగా ఒక పిల్ల అడ్డంగా నిలబడి ఉంది. ఆమె చేతిలో ఇనుప గుత్తి. దానికి తాళాలకు బదులు చిన్న చిన్న గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలిది.

"ఎందుకు తియ్యద్దు?"

"మా అవ్వ చూస్తది."

అతను ఆమె తల మీదుగా చూశాడు. నాలుగడుగుల అవతల, సాగర్ రోడ్డు వారన, నల్ల గొడుగు కింద నాగులమ్మ మక్క కంకులు కాలుస్తోంది. ముసురు పట్టిన సాయంత్రం. ఇబ్రహీంపట్నం చెరువు మీంచి వచ్చే గాలికి బొగ్గుల్లో రవ్వలు లేచి, గొడుగు అంచు దాకా ఎగిరి ఆరిపోతున్నాయి.

ఆ పిల్ల పేరు సంతోషి. బడిలో హాజరు పిలిస్తే పలకడానికే చెమటలు పట్టే పిల్ల. "కార్డు గావాల్నా?" అన్న రెండు మాటలు తప్ప ఇక్కడికొచ్చే వాళ్లతో మూడో మాట మాట్లాడి ఎరగదు. ఇవాళ మాట్లాడక తప్పదు.

"ఇవి మూడు కంపెనీల మిషన్లన్నా. ఒకదాని కార్డు ఇంకోదాంట్ల నడవకుండె. ఎర్ర మిషను కాడ బండి ఉంటే, ఎర్ర కార్డోళ్లు పక్క మిషను ఖాళీగున్నా నిలబడాల్సిందే. అది చూసి బండ్లోళ్లే మా అవ్వ కాడ తలా ఒక కార్డు పెట్టి పోయిన్రు. గవే ఈ సంచులల్ల కుట్టి ఉన్నయ్. ఎవలకు ఏది గావాల్నంటే అవ్వ గది ఇస్తది."

"ఊకెనే?"

"ఊకెనే. వాడుకున్నంత పైసలు మళ్ల అండ్లనే ఏసి పోతరు. చలివేంద్రంల చెంబు లెక్క."

అతను నవ్వాడు. "గిప్పుడు మూడు కంపెనీలు కలిసినయ్ గదా. ఏ యాపుతోనన్నా ఏ మిషనైనా నడుస్తది. అగో, అంటిచ్చిన్రు చూడు."

ఆమె అప్పటికే చూసింది. పరీక్షలని వారం రోజులు ఇటు రాలేదు. ఇవాళ వచ్చేసరికి మూడు మిషన్ల మీదా ఒకే బొమ్మ, ఒకే రాత. ఆ రాత చదివినప్పటి నుంచి ఆమె కళ్ల ముందు ఏదో కదులుతూనే ఉంది. రోడ్డు కింద, మట్టి లోపల, మూడు తీగలు చెట్టు వేళ్లలా పాక్కుంటూ వచ్చి ఒకదాన్నొకటి తాకుతున్నట్టు. ఆ తాకిన చోట పుట్టిన వెలుగు ఇటు ఆదిభట్ల దాకా, హయత్‌నగర్ దాకా, అటు సాగర్ నీళ్ల దాకా సన్నగా పారుతున్నట్టు. ఎంత బాగుందో. అంత బాగున్న దాంట్లో అవ్వ గొడుగుకు మాత్రం ఎక్కడా చోటు కనిపించలేదు.

"అవ్వకు చదువు రాదు," అంది సంతోషి. "కార్డులు ఇగ ఎవలకూ అక్కరలేవని తెలిస్తే రేపటి నుంచి ఇంట్లనే కూసుంటది. పోయిన చలికాలం కాలు బెణికి పది దినాలు ఇంట్ల ఉన్నది. గోడ దిక్కు తిరిగి పండుకుని, పిలిచినా ఇటు మర్లలే."

"ఓ సంతోషీ, ఏ రంగుది గావాల్నంట?" అవతలి నుంచి నాగులమ్మ కేక. "గట్టిగ అడుగు. నోట్లకెళ్లి ముత్యాలేం రాలిపోవు."

సంతోషి పసుపు సంచి పైకెత్తి చూపించింది. మళ్లీ అతని వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"సంచి మిషనుకు తాకియ్యన్నా. ఫోను చాటుగ నొక్కు. నేను అడ్డముంట."

అతను సంచి అందుకుని వేళ్లతో ఒకసారి ఒత్తి చూశాడు. ఏదో అనబోయి అవ్వ వైపు చూశాడు. నాగులమ్మ విసనకర్ర ఆపి అతన్నే చూస్తోంది. అతను ఆ మాట మింగేసి, సంచిని బుద్ధిగా మిషనుకు తాకించాడు. సంతోషి చున్నీ రెండు చేతులతో చాపి నిలబడింది. దాని వెనక ఫోను ఒక్క క్షణం వెలిగింది. మిషను నిద్రలో ఉన్న పిల్లిలా గుర్రుమనడం మొదలుపెట్టింది.

"పట్టిందా కొడుకా?"

"పట్టిందవ్వా. కార్డు మస్తు పనిచేస్తున్నది."

"చెయ్యకేం జేస్తది. రా, కంకి తిను. ఏ ఊరు?"

కారు చార్జింగు నిండేదాకా అతను గొడుగు కిందే కూర్చున్నాడు. వానకు ముందరి మసక వెలుగులో రోడ్డు, బండ్లు, దూరంగా ప్లాట్ల హద్దు రాళ్లు అన్నీ నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. అవ్వకు అనుమానం రాకూడదని సంతోషి మాట మీద మాట కలుపుతూ పోయింది. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు చెప్పింది. చెరువు మీద వాలే తెల్ల కొంగల గురించి చెప్పింది. మట్టి కింద కలుసుకునే తీగల గురించి కూడా చెప్పబోయి, సమయానికి నాలుక కరుచుకుంది. అతను సంచి తిరిగిచ్చి, వెళ్తూ వెళ్తూ కారు అద్దంలోంచి అవ్వకు చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఆ వెనకే వాన అందుకుంది. సంతోషి గుత్తి తీసుకుని గొడుగు కిందికి పరుగెత్తింది. అవ్వ అటు తిరిగినప్పుడు, తడిసిన కార్డులు తుడుద్దామని పసుపు సంచి కుట్టు విప్పింది.

లోపల కార్డు లేదు. కత్తెరతో కత్తిరించిన లగ్గం పత్రిక ముక్క ఉంది. ఎర్ర సంచి విప్పింది. బంగారు రంగులో సగం వినాయకుడు. నీలిదాంట్లో మిగతా సగం.

"అవ్వా, కార్డులేవి?"

నాగులమ్మ వెనక్కి తిరగకుండానే బొగ్గుల మీద నీళ్లు చల్లింది.

"మిషన్లు కలిసినయని బండ్లోళ్లు చెప్పిన నాడే ఎవలయి వాళ్లకు ఇచ్చేసిన. గుత్తి గూడ లేకుంటే నువ్వు ఎవలతోని మాట్లాడుతవే?"