ఆదెమ్మ తిరిగిచ్చిన కాగితం

ఆ ఊళ్లో ప్రతి ఇంటి గోడకూ ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. తెల్లవారగానే ఆ రోజు పేపరు దాని మీద తనంతట తానే తేలి, పైకి చదివి వినిపిస్తుంది. ముప్పయ్యేళ్లుగా ఆ ఊరి ఏజెంటు గురవయ్య. ఎన్నికల ముందు ఆదివారం, ఓటు ఎవరికి వేయాలో సంపాదకుడు చెప్పడం ఆనవాయితీ. ఈసారి పేపరు యజమాని వద్దన్నాడు. ఆ జాగా తెల్లగా మిగిలింది. కాగితం గొంతు అక్కడికి రాగానే ఆగిపోయింది.

పొద్దెక్కేసరికి గురవయ్య అరుగు మీద, ఇక ఈ పేపరొద్దని జనం తిరిగిచ్చిన నలభై కాగితాలు చుట్టలు చుట్టి పడున్నాయి. ఇంకొక్కటి చేరితే ఏజెన్సీ ఊడుతుంది. ఆ ఒక్కటీ పట్టుకుని, చూపు లేని ఆదెమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"నువ్వు కూడానా అత్తా? పేపరోళ్లు చెప్పినోడికి నువ్వెన్నడూ ఓటేసిన పాపాన పోలేదుగా!"

"ఏయలేదురా. వాళ్లొక పేరు చెప్తే, వాడికెందుకెయ్యాలని గోడతో పోట్లాడి, మధ్యాన్నానికి నా ఓటేందో తేల్చుకునేదాన్ని. నోరు మూసుకున్నోడితో ఏం పోట్లాడేది?"

"నా ఏజెన్సీ పోద్దత్తా."

"తెలుసు. అందుకే ఎవురి చేతా పంపకుండా నేనే వచ్చా."

ఇన్నేళ్లలో ఆ పేపరుకు ఇంత గట్టి పాఠకురాలు గురవయ్యకు తగల్లేదు. ఆమెను చెయ్యిచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. లోపలికెళ్లి తన గోడ మీది కాగితాన్ని మేకు నుంచి తీసుకొచ్చి, తిరిగొచ్చిన కాగితాలన్నిటికీ పైన పెట్టి, కట్టగా తాడు బిగించాడు.

"పట్నం బస్సు ఎన్నింటికిరా?"

"పదింటికి. యజమాని చేతికి నేనే ఇచ్చొస్తా."