పదిహేడో చీటీ

"కుడిచేత్తో బల్ల మీది చీటీ తియ్యి. తీసింది కోటు చేతిలోకి పోవాలి, ఎడంచేతిలో దాచిన మన చీటీ బయటికి రావాలి. ఏదీ, ఇంకోసారి," అంది స్నేహితురాలు గింకా, పరీక్ష గది తలుపు పక్కన నిలబడి.

రలిత్సా ఇంకోసారి చేసి చూపించింది. ప్లోవ్‌దివ్ నగరపు విశ్వవిద్యాలయంలో వాళ్ళకు ఖగోళశాస్త్రం పరీక్ష నోటితోనే. ముప్పై ప్రశ్నల జాబితా వరండాలో అంటించే ఉంటుంది. బల్ల మీద ముప్పై చీటీలు బోర్లా పరుస్తారు, చేతికొచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. రలిత్సా అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే చదువుకు దండం పెట్టి నాన్న పొగాకు తోటకు పోవడమే.

ఆమె బుర్రకెక్కింది పదిహేడో ప్రశ్న ఒక్కటే. అదంటే ఎంత ఇష్టమంటే, పోయిన నెల క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్న పెంచెవ్ ప్రొఫెసర్‌కే, తింటున్న బనిత్సా అనే చీజ్ రొట్టె పొరల ముక్కలు పళ్ళెంలో పోగుచేసి మరీ చెప్పేసింది. పైగా ఇది తప్ప ఇంకేమీ రాదని నోరు జారింది. ఆ నోటిని అప్పటినుంచీ తిట్టుకుంటూనే ఉంది.

గదిలో పెంచెవ్ ఒక్కడే కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. రలిత్సా ప్రాణం లేచొచ్చింది. తీసింది, మార్చింది, గింకా రాసిన చీటీని ఆయన చేతిలో పెట్టింది.

"పదిహేడు. సౌరకుటుంబం ఎలా పుట్టింది," అని చదివి ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది. చెప్పమ్మా."

చెప్పింది. మొదట వాయువూ ధూళీ నిండిన పెద్ద మబ్బు. అది తన బరువుకు తనే లోపలికి కుంగింది. కుంగేకొద్దీ జోరుగా తిరిగింది, తిరిగేకొద్దీ రొట్టెలా పల్చబడింది. నడుమ పోగుపడ్డది కాగి కాగి సూర్యుడైంది. చుట్టూ మిగిలిన ధూళి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని రాళ్ళై, గుట్టలై, గ్రహాలయ్యాయి. చెబుతూ చెబుతూ భయం మరిచిపోయింది. చేతులు ఊపబోయి, కోటులో చీటీ గుర్తొచ్చి ఠక్కున దించుకుంది.

గ్రహాలన్నీ ఒకే వైపు ఎందుకు తిరుగుతాయని ఆయన అడిగాడు. మబ్బు ఎటు తిరిగితే దాని పిల్లలూ అటే అంది.

ఆయన ఆరుకు అయిదు వేశాడు. గట్టెక్కింది. అక్కడితో ఊరుకుంటే రలిత్సా ఎందుకవుతుంది!

"ఒకటి ఎందుకు తగ్గించారండీ? ఎక్కడ తప్పు చెప్పాను?"

"చెప్పినదాంట్లో ఏ తప్పూ లేదు."

"మరి?"

"ఇంటికెళ్ళి ఆలోచించుకో అమ్మాయ్. బయట చలిగా ఉంది, కోటు చేతులు జాగ్రత్త."

బయట గింకా ఎగిరి గంతేసింది. ముసలాయనకు చత్వారం, ఆ ఒక్క మార్కూ వట్టి పిసినారితనం అని తేల్చేసింది. రలిత్సా ఆలోచన మాత్రం కోటు మాట దగ్గరే ఆగింది. ఆయన పట్టుకున్నాడు. పట్టుకుని ఎందుకు వదిలేశాడో అంతుపట్టలేదు.

వీధి మలుపులో చెత్తడబ్బా కనిపించింది. చింపేసే ముందు, ఏ గండం తప్పిందో చూద్దామని కోటు చేతిలోంచి చీటీ తీసి సగం విప్పింది. పైన నాలుగు అని అంకె ఉంది. జాబితాలో నాలుగంటే గ్రహణాలు, పోయినసారి ఆమెను ముంచిన ప్రశ్న. బతికిపోయాననుకుంటూ మిగతా సగం విప్పింది.

నాలుగు అంకె కింద, పెంచెవ్ చేతిరాతతో, దాని మీదా సౌరకుటుంబమే ఉంది.