జత లేని పూత

చెట్ల వేర్లకు చలి పుట్టించే కుండీలు వచ్చాక, కర్నూలు ఎండల్లో కూడా ప్రతి బాల్కనీలోనూ స్తంభంలా నిటారుగా పెరిగే ఆపిల్ చెట్టు ఉండేది. వేరే రకం చెట్టు పుప్పొడి తగిలితేనే కాయ నిలుస్తుంది. తేనెటీగలు ఎప్పుడో పోయాయి కాబట్టి, పూత వేళకు ఆడవాళ్లే కుంచెలతో పక్కింటి పుప్పొడి తెచ్చి అద్దుకునేవారు.

నీళ్లు తగ్గేకొద్దీ అపార్ట్‌మెంట్ ఖాళీ అవుతూ వచ్చింది, వదిలేసిన చెట్లు ఎండిపోయాయి. హైమవతి, ఆమె భర్త నాగేశం, కింది అంతస్తులో ఖాసిం కుటుంబం మాత్రమే మిగిలారు.

"ఈసారి కాయ నిలిస్తే ఉందాం. లేకుంటే మనమూ పోదాం," అన్నాడు నాగేశం. మంచం దిగలేని మనిషి ఎక్కడికి పోతాడో ఆమె అడగలేదు.

చెట్టు నిండా పూసిన ఉదయం హైమవతి కుంచె పట్టుకుని కిందికి వెళ్లింది. ఖాసిం చెట్టు మీద పూలన్నీ మాడిపోయి ఉన్నాయి.

"పాపకు జ్వరమొచ్చిందక్కా. చెట్టుకు పోసే నీళ్లు దానికే తాపిస్తాండా," అన్నాడు ఖాసిం తల వంచుకుని.

"మంచి పని చేసినావులే," అంది ఆమె. అయినా ఒక్కొక్క పువ్వునూ కుంచెతో తడిమి చూసింది. రేకులు రాలాయే తప్ప పుప్పొడి అంటలేదు.

పైకి రాగానే నాగేశం మంచం మీంచే అడిగాడు. "దొరికిందా?"

"దొరికింది."

అతడు చూస్తుండగా, హైమవతి ఆ ఉత్త కుంచెనే తమ చెట్టు పూలన్నిటికీ ఓపిగ్గా అద్దింది.