అసుంత ఏమందంటే

అసుంత పేరు వినపడితే చాలు, సుధామయికి ఒళ్లు మండిపోతోంది.

అసుంత అంటే పక్కింటావిడ కాదు. మొగుడి ఆఫీసులో మనిషీ కాదు. ఈమధ్య మనవాళ్లంతా తెలుగు డబ్బింగ్‌లో ఎగబడి చూస్తున్న ఇటాలియన్ మాఫియా సిరీస్‌లో డాన్ గారి భార్య. ఎక్కడో తెర మీద ఉన్న ఆడదాన్ని చూసి కుళ్లుకోవడం సిగ్గుచేటని సుధామయికీ తెలుసు. అయినా కుళ్లుకుంటోంది.

కుళ్లుకోదూ మరి? కెనడాలో ఈ కాల్గరీ వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో మొగుడు మహీధర్ ఆమె మాట పూర్తిగా విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె ఏం చెప్పినా లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అంటాడు. కారుకి చలికాలం టైర్లు వేయించాలన్నా ఊఁ. జ్వరంగా ఉందన్నా ఊఁ. నాకు పని దొరికిందండీ అన్నా ఊఁ. అదే అసుంత నోరు విప్పితే మాత్రం ఫోను బోర్లా పెట్టి, సోఫా అంచుకి జరిగి, కళ్లార్పకుండా వింటాడు. ఆ కళ్లు ఒక్కసారి తనవైపు అలా తిరిగితే చాలు, సుధామయికి ఇంకేమీ అక్కర్లేదు.

నిజానికి ఇంగ్లీషు విమర్శకులు ఆ సిరీస్‌ని ఉతికి ఆరేశారు. చీకటెక్కువ, నెత్తురెక్కువ, కథ తక్కువ అన్నారు. డాన్ భార్యకి సీజనంతా మనకి వీపు చూపిస్తూ వంట చేయడం తప్ప వేరే పనే లేదని ఒకాయన విసుక్కున్నాడు. నూటికి నలభై మార్కులు కూడా వేయలేదు. మన జనం మాత్రం తెలుగులో చూసి నెత్తిన పెట్టుకున్నారు. ఎవర్నడిగినా ఐదు స్టార్లే. ఎవరి నోట విన్నా అసుంతే.

"ఆ విమర్శకుడు నిద్రపోతూ చూసుంటాడు" అంటూ మహీధర్ కాల్గరీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇంత పొడుగు రివ్యూ రాసి పెట్టాడు. అందులో సగం అసుంత గురించే. పెళ్లాం పుట్టినరోజుకి రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు ఆ మనిషి!

ఆఖరి ఎపిసోడ్ వచ్చిన శనివారం, అందరం కలిసి చూద్దామని ఆ గ్రూపులోని పెద్దాయన అమరేశ్వరరావు గారినీ, తన ఆఫీసులో పనిచేసే చాందినినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. సుధామయి వడ్డిస్తోంది.

"సుధక్కా, నువ్వేం చేస్తున్నావిప్పుడు?" అడిగింది చాందిని.

సుధామయి నోరు తెరిచేలోగా మహీధర్ అందుకున్నాడు.

"ఇంట్లోంచి ఏదో టైపింగ్ పనిలే. అది సరే, ఐదో ఎపిసోడ్‌లో అసుంత ఏమందో గుర్తుందా? 'గోడతో చెప్పుకున్నా నయం. అది వింటున్నట్టు నటించదు!' అబ్బబ్బ! ఒక్క మాటతో అంత డాన్ నోరూ మూయించేసింది."

"నాకు ఆ బూట్ల ముక్క నచ్చిందోయ్" అన్నారు అమరేశ్వరరావు గారు. "'నువ్వు ఇంటికొచ్చావని గుమ్మంలో బూట్లు చూసి తెలుసుకుంటున్నాను' అంటుంది చూడు. మా ఆవిడ టక్కున నావైపు తిరిగింది."

ముగ్గురూ పగలబడి నవ్వారు. సుధామయి గరిటెని గిన్నెలో ఠంగుమని పడేసింది.

"ఆవిడ అందంగా ఉంది కాబట్టి మీ చెవికెక్కుతోంది. అవే మాటలు నేనంటే?"

"నువ్వా?" మహీధర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వలా మాట్లాడితే ఎందుకు వినను సుధా? ఆవిణ్ని చూసి కాస్త నేర్చుకోవచ్చు కదా!"

చాందిని కంచంలోకి చూస్తూ కూర్చుంది. సుధామయికి ఆ ఇటాలియన్‌దాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి పెరట్లో మంచులో పారేయాలనిపించింది. పెరుగు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని వచ్చింది.

భోజనాలయ్యాక టీవీ పెట్టారు. రిమోట్ మహీధర్ చేతిలోనే. అది వేరెవరికీ ఇవ్వడు. ఎపిసోడ్ అయిందో లేదో, పేర్లు పడేదాకా ఆగకుండా టక్కున తరవాతిది నొక్కేయడం అతని అలవాటు. అలాగే తొమ్మిది ఎపిసోడ్లు చూసేశాడు.

పదోదాంట్లో డాన్ శత్రువులందరినీ మట్టుపెట్టి ఇంటికొచ్చాడు. గుమ్మంలో పెట్టె ఉంది. అసుంత పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు డాన్.

"వెళ్లిపోతానని నీకు మూడుసార్లు చెప్పాను" అంది అసుంత, వెనక్కి తిరగకుండానే. "మూడుసార్లూ ఊఁ అన్నావు."

తలుపు మూసుకుంది. తెర నల్లబడింది.

అమరేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. మహీధర్ చొక్కా చేత్తో కళ్లొత్తుకున్నాడు.

"పాపం, ఎన్నాళ్లు చెప్పిందో!" అన్నాడు. "ఎలా వినకుండా ఉన్నాడు వాడు?"

వంటింటి గుమ్మంలో నిలబడిన సుధామయి ఆ కన్నీళ్లని చూసింది. పదకొండేళ్లలో ఒక్క చుక్క తనకోసం రాలింది లేదు. అన్నీ అసుంతకే. ఇంత అసూయ తన ఒంట్లో ఎక్కడ దాగుందో ఆమెకే తెలియలేదు.

"ఏమండీ, మీకొకటి చెప్పాలి" అంది.

"ఊఁ" అన్నాడు మహీధర్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

అలవాటుగా అతని బొటనవేలు రిమోట్ మీదికి వెళ్లింది. నొక్కడానికి ఏమీ లేదు. తరవాతి ఎపిసోడ్ లేదు.

నల్లటి తెర మీద ఇటాలియన్ పేర్లన్నీ ఒక్కొక్కటిగా పైకి పోయాక, ఇన్నాళ్లూ అతను పడనివ్వని తెలుగు డబ్బింగ్ పేర్లలో మొట్టమొదటిది వచ్చి నిలబడింది: "మాటలు: సుధామయి మహీధర్."