ఖాళీ పీట సూత్రం

ఈ నెల కూడా గోడమీది పెట్టె మాట్లాడింది. "ఖాళీ పీట సూత్రం ప్రకారం ఈ షెడ్డులో ఒకరిని తీసేస్తున్నాం. ఈసారి మంగతాయారు."

ఇప్పుడు ఏ కంపెనీ చూసినా ఆ కంప్యూటరు పెట్టెదే పెత్తనం. పాత కంపెనీల్లో జరిగిన సంగతులన్నీ చదివి, మనుషులచేత ఎలా పనిచేయించాలో సూత్రాలు తీస్తుందట. ఈ సూత్రం మాత్రం మా రొయ్యల షెడ్డులోంచే తీసింది.

పదేళ్ల కిందట మా సత్తెమ్మ రొయ్యలు వలుస్తూ వలుస్తూనే పీటమీద ఒరిగి ప్రాణం వదిలింది. చేతిలో పని సగంలో ఉండిపోతే ఆ ప్రాణం ఇక్కడే తిరుగుతుందని మా నమ్మకం. అందుకే ఏడుస్తూనే ఆమె వంతు కూడా మేమే వలిచాం. ఎవరో చదువుకున్నాయన వచ్చి, ఒక పీట ఖాళీ అయితే మిగతావాళ్లు ఎక్కువ పనిచేస్తారని రాసుకుపోయాడు. ఎందుకు చేశారమ్మా అని ఒక్కమాట అడిగితే కదా!

"నేనేం తప్పు చేశాను వదినా?" అంది మంగతాయారు నా చెయ్యి పట్టుకుని.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మొహం మండా! మా సత్తెమ్మ కోసం చేసిన పనిని మా మెడకే చుడతావా?" అని పెట్టెమీద అరిచాను.

"మీ కోపం నమోదైంది. ఆమె వంతు పంచుకుని పని మొదలుపెట్టండి," అంది పెట్టె.

నేను పీటమీంచి లేచాను. నన్ను చూసి ఒక్కొక్కరే అందరూ లేచారు.

"ఇదిగో, ముప్ఫై పీటలూ ఖాళీ చేశాం," అన్నాను. "ఇక పని ముప్ఫై రెట్లు పెరగాలి కదా? చూసి రాసుకో."